రాయదుర్గం జీన్సుకు మెల్‌బోర్న్ ఆర్డర్: ఆరున్నర డాలర్లు గిట్టుబాటేనా?

పాఠకుడి ప్రశ్న: మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. 26 మిషన్లు, 38 మంది పనివాళ్లతో జీన్సు కుట్టే యూనిట్ నడుపుతున్నాను. పన్నెండేళ్లుగా బళ్లారి వ్యాపారులకు జాబ్‌వర్కే చేస్తున్నాం. మా చిన్నాన్న కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడ అతనికి తెలిసిన ఒకాయనకు రెండు బట్టల షాపులున్నాయి. మగవాళ్ల జీన్సు రెండు డిజైన్లలో 600 చొప్పున 1,200 పీసులు కావాలట. ఎఫ్‌ఓబీ చెన్నై (చెన్నైలో ఓడ ఎక్కించేదాకా ఖర్చులు మావే), పీసు ఆరున్నర అమెరికన్ డాలర్లు, 45 రోజుల్లో సరుకు ఓడ ఎక్కాలి. సరుకు అందిన 60 రోజులకు డబ్బు. నా లెక్కలో పీసు 461 రూపాయలు పడుతోంది. అంటే నూట పది మిగలాలి. ఒప్పుకోవచ్చా? లైసెన్సులు ఏమేం కావాలి? బంగ్లాదేశ్ రేట్లతో మేం పోటీ పడగలమా? అమెరికాకు పంపితే ఇంకా లాభమా?

సమాధానం: ముందు ధర సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా లైసెన్సుల వెంట తిరగడం దండగ.

మీ 461 ఎలా వచ్చిందో మీరు పంపిన కాగితంలో ఉంది. బట్ట 1.25 మీటర్లు, మూడు శాతం తరుగుతో 1.29, మీటరు 200 చొప్పున 258. జిప్పు, బటన్, రివెట్లు, దారం, లేబుళ్లు, జేబు గుడ్డ 42. కుట్టుకు 114, వాష్‌కు 35, ప్యాకింగ్‌కు 12. జాబ్‌వర్క్‌కైతే ఈ లెక్క సరిపోతుంది. ఎక్స్‌పోర్ట్‌కు చాలదు.

మొదటి తేడా కుట్టులోనే ఉంది. జీతాలు, అద్దె, కరెంటు, మేస్త్రీ, హెల్పర్లు అన్నీ కలిపి మీ యూనిట్ ఖర్చు రోజుకు 32,000 అని రాశారు. ప్యాంటు కుట్టడానికి మొత్తం 20 నిమిషాల పని. 26 మంది, 480 నిమిషాలు, 45 శాతం సామర్థ్యం వేస్తే రోజుకు 281 పీసులు. 32,000ను 281తో భాగిస్తే మీ 114 వస్తుంది. కానీ ఆ 281 అలవాటైన ప్యాంటుకు వచ్చే అంకె. కొత్త డిజైన్ లైన్‌లోకి ఎక్కిన మొదటి రెండు మూడు రోజులు సగానికి పడిపోతుంది. జేబు ఆకారం, బెల్టు పట్టీ వెడల్పు, కుట్టు దూరం అన్నీ కొత్తే. చేయి తిరిగేసరికి 600 పీసులు అయిపోతాయి. రెండో డిజైన్‌తో మళ్లీ మొదటికొస్తారు. కాబట్టి 1,200కు నాలుగున్నర రోజులు కాదు, ఏడు రోజులు వేసుకోండి. 7 రోజులకు 2,24,000, పీసుకు 187. కూలి ఒక్క రూపాయి పెరగకుండానే కుట్టు ఖర్చు 73 రూపాయలు పెరిగింది.

రెండోది, మీ కాగితంలో అసలు లేని ఖర్చులు. ల్యాబ్ పరీక్షలకు 18,000, శాంపిళ్లు, కొరియర్లకు 12,000, చెన్నై దాకా రవాణా, కస్టమ్స్ ఏజెంటు, పోర్టు ఛార్జీలకు 30,000 వేసుకుందాం. మొత్తం 60,000. 1,200 పీసుల మీద పీసుకు 50. ఈ ఖర్చు పీసుల లెక్కన పెరగదు. 300 పంపినా 3,000 పంపినా ఇంచుమించు అంతే.

ఇప్పుడు కూడితే 584. తిరస్కరణకు మూడు శాతం, అంటే 18 కలిపితే 602. ఆయన చెప్పిన షరతు ప్రకారం బట్ట కొన్న రోజు నుంచి డబ్బు చేతికొచ్చేసరికి సుమారు 150 రోజులు. ఖర్చంతా మొదటి రోజే పెట్టరు కాబట్టి సగటున వంద రోజులు పట్టుకుంటే, 11 శాతం వడ్డీకి పీసుకు ఇంకో 18. మొత్తం 620. డాలరుకు 88 రూపాయలు పట్టుకుంటే ఆరున్నర డాలర్లు 572. మిగులు లేదు సరికదా, పీసుకు 48 రూపాయలు చేతి నుంచి పడుతుంది. మొత్తం ఆర్డర్ మీద 57,600. డాలర్ రేటు మారితే అంకెలు మారతాయి, వరస మారదు.

అలాగని వదులుకోమనడం లేదు. ఆర్డర్ రూపం మార్చమని అడగండి. రెండు డిజైన్ల బదులు ఒకటే డిజైన్, మూడు వాష్‌లు: ముదురు నీలం, మధ్యస్థం, లేతది. షాపు అల్మరాలో అవి మూడు రకాలుగానే కనబడతాయి. మీ కుట్టు లైన్‌కు మాత్రం ఒకటే ప్యాంటు. వాష్ కుట్టిన తర్వాత జరిగేది కాబట్టి లైన్ ఆగదు. అప్పుడు 1,200కు ఐదున్నర రోజులు చాలు, కుట్టు 147కు దిగుతుంది. అడ్వాన్సుతో వడ్డీ 7కు తగ్గితే మొత్తం 567. అంటే ఆరున్నర డాలర్లకు అయినకాడికి అయినట్టు. అదే డిజైన్‌లో 2,400 ఒకేసారి ఇస్తే కుట్టు 131, స్థిర ఖర్చులు 25, మొత్తం 525. పీసుకు 47 మిగులుతుంది. కాబట్టి ఆయనకు రెండు రేట్లు రాయండి: 1,200 అయితే 6.90 డాలర్లు, 2,400 అయితే 6.50. పక్కనే కారణం కూడా రాయండి. కొనేవాళ్లు కారణం చెప్పిన ధరను గౌరవిస్తారు, ఊరికే తగ్గించిన ధరను ఇంకా తగ్గించమంటారు.

ఇంకో మాట కూడా ఆయన చెవిన వేయండి. 2022 డిసెంబర్ 29 నుంచి అమల్లో ఉన్న భారత్-ఆస్ట్రేలియా ఒప్పందం వల్ల మన దుస్తుల మీద అక్కడి 5 శాతం సుంకం సున్నా అయింది. ఆరున్నర మీద 5 శాతం అంటే 33 సెంట్లు. మీరు అడిగే 40 సెంట్లలో చాలావరకు ఆయనకు సుంకంలోనే కలిసొస్తుంది. అయితే అది దానంతటది రాదు. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) పోర్టల్‌లో మీరు ఆ ఒప్పందం కింద సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు మన దేశంలో తయారైందన్న పత్రం, తీసి పంపాలి. దానిమీది హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే అంతర్జాతీయ నంబరు), ఇన్‌వాయిస్ మీది కోడ్ ఒకటే ఉండాలి. మగవాళ్ల కాటన్ ప్యాంటుకు 6203 42. ఇక్కడి మిల్లు బట్టే వాడి, ఆ బిల్లులు ఫైల్లో పెట్టుకుంటే మూలం రుజువు చేయడం తేలిక.

ఎగుమతిదారుకు డ్యూటీ డ్రాబ్యాక్ (ముడిసరుకు మీది సుంకం వాపసు), ఆర్‌ఓఎస్‌సీటీఎల్ (కేంద్ర, రాష్ట్ర పన్నుల వాపసు) అని రెండు రాయితీలున్నాయి. డ్రాబ్యాక్ బ్యాంకు ఖాతాలో పడుతుంది, రెండోది కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో అమ్ముకోదగిన స్క్రిప్‌గా (క్రెడిట్ పత్రంగా) వస్తుంది. రెండింటికీ శాతంతోపాటు పీసుకు గరిష్ఠ పరిమితి ఉంటుంది. షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) వేసే రోజున ఏ రేటు అమల్లో ఉందో ఏజెంటునడిగి చూసుకోండి. బిల్లులో వీటిని క్లెయిమ్ చేస్తున్నట్టు రాయకపోతే తర్వాత సవరించుకోవడం పెద్ద తలనొప్పి. పెద్ద ఎక్స్‌పోర్టర్లు వీటిని ధరలోనే కలిపేస్తారు. మొదటి ఆర్డర్‌కు మీరు కలపవద్దని మా సలహా. ఎక్కడో ఒక పొరపాటు జరుగుతుంది, ఆ కన్నం పూడ్చుకోవడానికి ఇవి ఉండనివ్వండి.

చెల్లింపు షరతు మాత్రం ససేమిరా ఒప్పుకోవద్దు. తమ్ముడికి తెలిసినాయన అయినా సరే. తమ్ముడు పరిచయం చేశాడు గాని హామీ ఉండలేదు కదా. ఆర్డర్‌తోపాటు 30 శాతం అడ్వాన్సు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే హక్కు పత్రం) కాపీ చూపించాక మిగతా 70 శాతం అడగండి. ఒరిజినల్ బిల్లు మీ దగ్గరో బ్యాంకులోనో ఉన్నంతకాలం ఆయన సరుకు విడిపించుకోలేడు. విమానంలో పంపితే ఈ రక్షణ ఉండదు. ఎయిర్‌వే బిల్లు సరుకు మీద హక్కు పత్రం కాదు. దానిమీద ఆయన పేరుంటే డబ్బు కట్టకుండానే తీసుకెళ్లిపోవచ్చు. అరువు ఇవ్వక తప్పని రోజు వస్తే ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే సర్కారు సంస్థ ఈసీజీసీ దగ్గర ఆ కొనుగోలుదారు మీద పాలసీ తీసుకోండి. ఆయన చెల్లింపు చరిత్ర వాళ్లే చూసి ఎంతవరకు అరువివ్వచ్చో చెబుతారు.

ఇంత చిన్న ఆర్డర్‌కు లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ, అంటే కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) తీసుకుంటే మిగిలేది దాని ఛార్జీలకే సరిపోతుంది. ముందుముందు తీసుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఎల్‌సీలో పరిమాణం పీసుల లెక్కన రాసి ఉంటే, మామూలుగా ఉండే ఐదు శాతం వెసులుబాటు వర్తించదు. 1,200 అని ఉండి మీరు 1,188 పంపితే బ్యాంకు కాగితాలు తప్పుపట్టి డబ్బు ఆపేయొచ్చు. 'సుమారు' అన్న మాట పరిమాణానికీ మొత్తానికీ పక్కన రాయించుకుంటే పది శాతం అటూ ఇటూ చెల్లుతుంది. జీన్సులో వాష్ దగ్గర నాలుగు పీసులు పోవడం మామూలే గనక ఈ ఒక్క మాట విలువైనది.

కాగితాల పని మీరు భయపడినంత లేదు. ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్) డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో మీరే తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. నంబరు మీ పాన్ నంబరే. ఏటా ఏప్రిల్-జూన్ మధ్య వివరాలు మారకపోయినా ఒకసారి నిర్ధారించాలి, లేదంటే నిలిపేస్తారు. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, దానికి డబ్బడిగే సైటు సర్కారుది కాదు. దుస్తుల ఎగుమతి ప్రోత్సాహక మండలి ఏఈపీసీ నుంచి ఆర్‌సీఎంసీ (నమోదు, సభ్యత్వ పత్రం) తీసుకోవాలి. జీఎస్‌టీలో ప్రతి ఆర్థిక సంవత్సరం ఎల్‌యూటీ (హామీపత్రం) వేస్తే పన్ను కట్టకుండా ఎగుమతి చేయొచ్చు. బట్ట మీద కట్టిన 5 శాతం మాత్రం రిఫండ్ వచ్చేదాకా ఇరుక్కుంటుంది. 1,550 మీటర్లకు 15,500 రూపాయలు, గుర్తుంచుకోండి. అందరూ మరిచిపోయేది ఏడీ కోడ్, అంటే మీ విదేశీ లావాదేవీలు చూసే బ్యాంకు శాఖ కోడ్. బ్యాంకు ఇచ్చే ఆ 14 అంకెల కోడ్ మీరు పంపే పోర్టుకు ఐస్‌గేట్‌లో నమోదై ఉండాలి. చెన్నైకి నమోదు చేసి చివరి నిమిషంలో బెంగళూరు విమానాశ్రయం నుంచి పంపాలనుకుంటే అక్కడ మళ్లీ చేయాలి. సరుకు గోడౌన్‌లో, మీరు బ్యాంకులో.

45 రోజుల గడువు కూడా కుదరదు. శాంపిల్ కుట్టి పంపడానికి 10, ఆమోదానికి 7, బట్ట రావడానికి 15, పరీక్షలకు 5, కటింగ్ 3, కుట్టు 8, వాష్ 4, ఫినిషింగ్ 4, తనిఖీ 1, కాగితాలు, పోర్టు 3. అరవై రోజులు. ఏదీ తప్పకపోతే! ఒప్పందంలో 75 రాయండి. ఆలస్యమైతే విమానంలో పంపమంటారు, ఖర్చు మీది. కార్టన్‌కు 24 చొప్పున 50 కార్టన్లు, ఒక్కోటి పదిహేనున్నర కిలోలు, మొత్తం 775 కిలోలు. కిలోకు 250 పడినా దాదాపు 1,94,000. ఆర్డర్ మొత్తం విలువే 6,86,400.

ఇక అసలు పని. ఎగుమతిలో జీన్సు తిరిగొచ్చేది కుట్టు బాగాలేక కాదు, ఎక్కువసార్లు కొలత తప్పి, రంగు తేడా వచ్చి. రెండింటికీ మూలం బట్ట రోల్స్‌లో ఉంటుంది.

మీకు 1,550 మీటర్లు కావాలి. 100 మీటర్ల రోల్స్ అనుకుంటే 16. ఒకే మిల్లు, ఒకే లాట్ అని సరఫరాదారు ప్రమాణం చేసినా 16 రోల్స్ ఒకేలా కుంచించుకుపోవు. ప్రతి రోల్ మొదట్లో 60 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. దానిమీద మార్కర్‌తో సరిగ్గా 50 సెంటీమీటర్ల చదరం గీసి, మూలలో రోల్ నంబరు రాయండి. అంచులు ఓవర్‌లాక్ చేయకపోతే ఉతుకులో పీచు లేచి కొలత తప్పుతుంది. పదహారింటినీ బల్క్‌కు వాడబోయే వాష్‌లోనే, అదే వేడి, అదే సమయం, అదే డ్రయ్యర్‌తో ఉతికించండి. ఇంట్లో బకెట్లో నానబెట్టి చూస్తే ఏమీ తెలియదు. చల్లారాక నిలువూ అడ్డం కొలవండి. 48.5 వస్తే 3 శాతం కుంచింపు, 47 వస్తే 6 శాతం.

ఈ తేడా ఏం చేస్తుందో చూడండి. ఇన్‌సీమ్, అంటే తొడ మధ్య నుంచి కాలి అంచు దాకా, 80 సెంటీమీటర్లు కావాలి. 3 శాతానికి ప్యాటర్న్ 82.5 పెడతారు. అదే ప్యాటర్న్‌తో 6 శాతం కుంచించే రోల్ కోస్తే ఉతికాక 77.5 వస్తుంది. కొనేవాళ్లు ఇచ్చే వెసులుబాటు సాధారణంగా సెంటీమీటరు అటూ ఇటూ. మీది రెండున్నర తక్కువ. ఆ రోల్‌లో కోసిన 75, 80 ప్యాంట్లూ పోయినట్టే. అందుకే రోల్స్‌ను 2 శాతం లోపు, 2 నుంచి 4, 4 నుంచి 6 అని మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు వేరే ప్యాటర్న్ తీయాలి. కటింగ్ మాస్టర్ గొణుగుతాడు, వినకండి. పోయేది పదిమీటర్ల బట్ట, రెండు వేల రూపాయలు.

ఉతికిన ఆ ముక్కలనే పక్కపక్కన కుట్టి దుప్పటిలా చేయండి. రంగు తేడా పగటి వెలుతురులో ఇట్టే తెలిసిపోతుంది. దగ్గరి రంగులవాటిని ఒక కుటుంబంగా కట్టి, ఒక కార్టన్‌లో ఒకే కుటుంబం వెళ్లేలా చూడండి. లే వేశాక, అంటే కోయడానికి బట్టను పొరలుగా పరిచాక, ప్రతి పొరకూ నంబరు స్టిక్కర్ అంటించి, ముందు భాగం 37కు వెనక భాగం 37నే కలపాలి. ఇది చేయని యూనిట్లలో ఉతకకముందు ఏమీ కనబడదు. ఉతికాక ఒక కాలు ముదురు, ఒక కాలు లేత. స్ట్రెచ్ డెనిమ్ అయితే రోల్ విప్పి 24 గంటలు వదులుగా పరిచి ఉంచాకే కోయాలి. సాగదీసి చుట్టిన బట్టను అలాగే కోస్తే కోసిన ముక్క బల్లమీదే ముడుచుకుంటుంది.

వాష్ బయట చేయిస్తారు కాబట్టి అక్కడ మీ మనిషి ఒకడు ఉండాలి. మూడు వాష్‌లకూ లేత హద్దు, మధ్య, ముదురు హద్దు అని మూడేసి ప్యాంట్లు కొనుగోలుదారు సంతకంతో తెప్పించుకోండి. ఒక్క శాంపిల్ పంపి 'ఇలా ఉండాలి' అంటే ప్రతి తేడా తప్పుగానే లెక్కకొస్తుంది. బ్లీచ్ చేశాక సోడియం మెటాబైసల్ఫైట్‌తో తటస్థం చేసి బాగా నీళ్లలో జాడించాలి. ఇది తొందరలో ఎగ్గొడితే ఇక్కడ ప్యాంటు మెరుస్తూనే ఉంటుంది, ఓడలో నెలరోజులు పాలిథిన్ కవరులో ఉన్నాక మడతల దగ్గర పసుపు తిరుగుతుంది, బట్ట బలం కూడా తగ్గుతుంది. తుది పీహెచ్ 4.0 నుంచి 7.5 మధ్య ఉండేలా చూడండి. శాండ్‌బ్లాస్టింగ్ జోలికి పోవద్దు. ఆ ఇసుక ధూళితో పనివాళ్ల ఊపిరితిత్తులు పాడవుతాయని పెద్ద బ్రాండ్లు చాలావరకు నిషేధించాయి. డ్రయ్యర్ నుంచి తీసిన వేడి ప్యాంటును వెంటనే కవర్లో పెడితే లోపల చెమట పట్టి బూజొస్తుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున ప్యాక్ చేయండి.

కుట్టు గురించి మీకు చెప్పాల్సింది తక్కువ. పది ఔన్సుల డెనిమ్‌కు 100 లేదా 110 నంబరు సూది మీకు తెలిసిందే. కొత్తగా నేర్చుకోవాల్సింది సూదుల పుస్తకం. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, తేదీ, మిషన్ నంబరు రాసి, పుస్తకంలో టేపుతో అంటించాలి. మొన దొరక్కపోతే ఆ కట్ట మొత్తం పక్కన పెట్టి అయస్కాంతంతో వెతకాలి. పాత సూది చూపిస్తేనే కొత్తది ఇవ్వాలి. జపాన్ కొనుగోలుదారులైతే సూది ముక్క దొరికిన లాట్‌నే వద్దంటారు. 3 శాతం ఎక్కువ, అంటే 1,236 కోసి మొదలుపెట్టండి.

తుది తనిఖీకి ఏక్యూఎల్ పద్ధతి, అంటే కొన్ని పీసులు తీసి చూసి, లోపాల సంఖ్యను బట్టి లాట్ మొత్తాన్ని తేల్చడం. 1,200 పీసుల లాట్ నుంచి 80 తీస్తారు. 2.5 స్థాయిలో ఐదు పెద్ద లోపాల దాకా అంగీకారం, ఆరో లోపంతో లాట్ మొత్తం తిరస్కారం. చిన్న లోపాలకు 4.0 స్థాయిలో ఏడు దాకా. కొలత తప్పినా, రంధ్రమున్నా, జిప్పు పట్టకపోయినా పెద్ద లోపం. కత్తిరించని దారప్పోగు చిన్నది. మీరే ఆ 80 ముందురోజు తీసి చూసుకోండి. ఎనభైలో ఆరు అంటే ఏడున్నర శాతం, మన జాబ్‌వర్క్‌లో ఎవరూ పట్టించుకోని సంఖ్య.

పరీక్షల్లో నిషేధిత అజో రంగులు, ఫార్మాల్డిహైడ్, పీహెచ్, రంగు నిలకడ, లోహపు బటన్ల నుంచి నికెల్ చూపించండి. బెంగళూరులో ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌లున్నాయి. యూరప్ నిబంధనలో అజో రంగుల నుంచి విడుదలయ్యే నిషేధిత అమీన్లు (హానికర రసాయనాలు) ఒక్కోటి కిలోకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అదే కొలత పెట్టుకుంటే తర్వాత యూరప్ ఆర్డర్‌కూ పనికొస్తుంది. పిల్లల దుస్తుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. తాళ్లు, చిన్న బటన్లు, రాత్రి దుస్తుల మంట పరీక్షలు, సీసం పరిమితులు... అదో వేరే ప్రపంచం.

ఆస్ట్రేలియాకు ప్రత్యేకంగా రెండు. ఏ దేశంలో తయారైందో, ఎలా ఉతకాలో చెప్పే లేబుళ్లు తప్పనిసరి, ఉతుకు లేబుల్ ప్యాంటుకు శాశ్వతంగా కుట్టి ఉండాలి. ఇంకోటి, ప్యాకింగ్ డిక్లరేషన్. కార్టన్లలో గడ్డి, వెదురు లాంటివి లేవని, చెక్క ప్యాలెట్లుంటే ప్రమాణం ప్రకారం శుద్ధి చేసి ముద్ర వేసినవని రాసివ్వాలి. జీవభద్రత విషయంలో వాళ్లు చాలా కచ్చితం. ఈ ఒక్క కాగితం లేక కార్టన్లు రేవులో నిలిచిపోతే రోజువారీ ఛార్జీల బిల్లు ముందు కొనుగోలుదారుకే వెళ్తుంది.

మీ యూనిట్‌లో 38 మంది ఉన్నారు కాబట్టి పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ వర్తిస్తాయి. కట్టడం లేదన్న సంగతి మీ ఉత్తరంలో దాచలేదు, మంచిదే. ఈ షాపు యజమాని అడగకపోవచ్చు, తర్వాత వచ్చే ఏ కొనుగోలుదారైనా మొదట అడిగేది అదే. ఢాకా దగ్గర 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక ఫ్యాక్టరీ భద్రత గురించి అడగని బ్రాండ్ లేదు. వెనక తలుపుకు తాళం వేసి ఉంటే మిగతా ఫైళ్లు ఎంత చక్కగా ఉన్నా ఆడిటర్ అక్కడే ఆగిపోతాడు. వయసు రుజువులు, హాజరు పుస్తకం, ఓవర్‌టైమ్ చెల్లింపు, మంటలార్పే సిలిండర్ల గడువు తేదీలు ఈ నెలలోనే సర్దుకోండి.

బంగ్లాదేశ్‌తో ధరలో పోటీ పడలేరు, పడనక్కరలేదు. యూరప్‌లో చాలా దుస్తులకు 12 శాతం సుంకం ఉండగా వాళ్లకు అల్పాభివృద్ధి దేశంగా సున్నా. వాళ్లు 2026 నవంబరులో ఆ హోదా నుంచి బయటికి రావాల్సి ఉంది, అయినా యూరప్ మరో మూడేళ్లు రాయితీ కొనసాగిస్తానంది. కానీ వాళ్ల పెద్ద ఫ్యాక్టరీలు ఒక స్టైల్‌లో వేలల్లో పీసులుంటే గాని లైన్ ఎక్కించవు. 500 నుంచి 2,500 దాకా కావాల్సిన చిన్న షాపులు, ఆన్‌లైన్ బ్రాండ్ల ఆర్డర్లు వాళ్ల లైన్ ఎక్కే సంఖ్య కాదు. మీ సంత అది. ఆ సంతలో అడిగేది అర డాలరు తగ్గింపు కాదు, ఆరు నెలల తర్వాత అదే ప్యాంటు అదే కొలతతో మళ్లీ రావాలని. ఈ ఆర్డర్ ప్యాటర్న్, కుంచింపు పట్టిక, వాష్ రసాయనాల కొలతలు, ఆమోదించిన శాంపిల్ ఒక సంచిలో కట్టి పైన పేరు రాసి పెట్టుకోండి. రెండో ఆర్డర్‌లో మొదటి రోజే 200 పీసులు దాటతారు. ఆస్ట్రేలియాతోపాటు సుంకం లేకుండా వెళ్లగల ఇంకో దేశం యూఏఈ. 2022 మే 1 నుంచి ఒప్పందం అమల్లో ఉంది.

అమెరికా పెద్ద మార్కెట్టే, మొదటి మార్కెట్ కాకూడదు. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అదనపు సుంకం ఒక్క దెబ్బకు 50 శాతానికి పెరిగినప్పుడు, అప్పటికే బట్ట కోసి పెట్టుకున్నవాళ్లు ఎటూ కాకుండా పోయారు. ఆ తర్వాత రెండు రోజులకే, ఆగస్టు 29న, 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపూ అన్ని దేశాలకూ ఎత్తేశారు. బంధువుల ద్వారా ఆన్‌లైన్‌లో ఒక్కో ప్యాంటు అమ్ముదామన్న ఆలోచన మీకుంటే దీన్ని లెక్కలో వేసుకోండి.

మెల్‌బోర్న్ ఆయన 6.90కి గాని 2,400కు గాని ఒప్పుకోకపోతే, అడ్వాన్సు ఇవ్వనంటే, గొడవ పడకుండా వదిలేసి బెంగళూరు మర్చంట్ ఎక్స్‌పోర్టర్లలో (ఇతరుల దగ్గర కొని ఎగుమతి చేసే వ్యాపారుల్లో) ఒకరికి ఒక సీజన్ సరుకు కుట్టి ఇవ్వండి. ఎగుమతి కోసం వాళ్లకు అమ్మేటప్పుడు నిబంధనలకు లోబడి 0.1 శాతం జీఎస్‌టీతో బిల్లు వేయొచ్చు. మీ బిల్లు తేదీ నుంచి 90 రోజుల్లో వాళ్లు ఎగుమతి చేయాలి. కొనుగోలుదారు టెక్ ప్యాక్ (డిజైన్, కొలతల పత్రాలు), తనిఖీ రిపోర్టు, ఆడిట్ ఎలా ఉంటాయో వాళ్ల ఖర్చుతో చూస్తారు. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యం చేస్తే చెల్లించేదాకా ఆ ఖర్చును వాళ్లు ఆదాయపన్నులో చూపుకోలేరు. బళ్లారిలో ఆరు నెలలు బాకీ పెట్టేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. మొదటి బిల్లు మీదే మీ ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి.